పాస్టర్ని ఊర్లోనే ఉంచి నేర్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో పల్లెల గురించి చాలా వస్తుంటాయి, రైతుల గురించి, స్కూళ్ళ గురించి, ఆశా వర్కర్ల గురించి, అవన్నీ రావాల్సినవే. కానీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో పల్లెల్లో పెళ్ళికీ చావుకీ రోగానికీ జనం ముందు పిలిచే ఇంకో మనిషి ఉన్నాడు, ఊరి పాస్టర్. ఆయన గురించి పెద్దగా ఎవరూ రాయరు. నేను రాసేది మత ప్రచారం మంచిదా చెడ్డదా అని కాదు, దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంటుంది. ఇప్పటికే ఉన్న క్రైస్తవ సంఘాల్లో ఇప్పటికే పని చేస్తున్న ఈ మనుషులకి మిషన్లు, అంటే క్రైస్తవ సేవా సంస్థలు, ఏం నేర్పిస్తున్నాయి, ఎలా నేర్పిస్తున్నాయి అన్నదే నా బాధ. నేను పాస్టర్ని కాదు, రిటైర్ అయిన టీచర్ని, మా సంఘంలో పెద్దగా ఉన్నాను, చుట్టుపక్కల పాస్టర్లు కొందరికి పాఠాలు చెప్పే పనిలో సాయం చేస్తుంటాను.

ముందు ఊరి పాస్టర్ అంటే ఎవరో చెప్పాలి, ఎందుకంటే టౌన్లో ఉన్నవాళ్ళకి పాస్టర్ అనగానే కోటు, మైకు, పెద్ద స్టేజీ, యూట్యూబ్ ఛానెల్ గుర్తొస్తాయి. ఊర్లో అలా ఉండదు. రేకుల షెడ్డు, లేకపోతే ఎవరింటి వసారాలోనో ఆదివారం ఆరాధన, ముప్పై నలభై మంది వస్తే ఎక్కువ, అందులో సగం మంది కూలికి పోయేవాళ్ళు, కానుక పెట్టెలో పడే డబ్బులు కరెంటు బిల్లుకీ పెట్రోలుకీ సరిపోతే ఆ వారం గడిచినట్టే. అందుకే పాస్టర్ గారు కూడా పొద్దున మిర్చి కోతకో, సెంట్రింగ్ పనికో, ఉపాధి హామీ పనికో పోతారు, కొందరు ఆటో నడుపుతారు. సాయంత్రం గృహ ప్రార్థనలు, రాత్రి ఎవరికైనా బాగోలేదంటే అక్కడికి, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఇందులో తప్పేం లేదు, బైబిల్లో పౌలు కూడా కొరింథులో డేరాలు కుట్టే పని చేసుకుంటూనే వాక్యం చెప్పాడు. కానీ ఈ మనిషికి చదువు చెప్పాలి అనుకునేవాళ్ళు ముందు ఆయన రోజు ఎలా గడుస్తుందో చూడాలి కదా. అది చూడకుండానే ట్రైనింగులు తయారవుతున్నాయి.

ఇప్పుడు ఆయనకి ఉన్నవి రెండే దారులు. ఒకటి, ఊరు వదిలి వెళ్ళి బైబిల్ కాలేజీలో రెండు మూడేళ్ళు చదవడం. నేను కాలేజీలకి వ్యతిరేకిని కాదు. సేరంపూర్ కాలేజీ 1818లో మొదలైంది, మన దగ్గర ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది, ఇలాంటి చోట్ల నుంచి మంచి పండితులు, మంచి బిషప్పులు వచ్చారు, రావాలి కూడా. బైబిల్ మూల భాషలు గ్రీకు హెబ్రీ తెలిసినవాళ్ళు మనకి ఖచ్చితంగా కావాలి. కానీ టెన్త్ ఫెయిలై, నలభై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలతో, సంఘం మొత్తం తన మీద ఆధారపడి ఉన్న మనిషి హాస్టల్లో మూడేళ్ళు ఎలా ఉంటాడు? ఆ మూడేళ్ళూ సంఘం ఎవరు చూస్తారు, ఇల్లు ఎవరు చూస్తారు? అందుకే కాలేజీకి వెళ్ళేది ఎక్కువగా పెళ్ళి కాని కుర్రాళ్ళు. వాళ్ళు సిటీలో చదువుకున్నాక అక్కడే ఇంగ్లీష్ సర్వీస్ ఉన్న చర్చిలో చేరతారు, లేదా ఏదో సంస్థ ఆఫీసులో. వాళ్ళని నేను తప్పు పట్టను, పిల్లల చదువులు, జీతం ఎవరికైనా ముఖ్యమే. కానీ ఊరి సంఘం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

రెండో దారి పాస్టర్స్ కాన్ఫరెన్స్. ఏడాదికోసారి, ఎండాకాలంలోనో జనవరిలోనో, షామియానా వేస్తారు, మూడు రోజులు మూడు పూటలా భోజనం, బయటి నుంచి స్పీకర్ వస్తారు, పక్కన ట్రాన్స్‌లేటర్ నిలబడతారు, చివరి రోజు బ్యాగు, పుస్తకం, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. రోజంతా కష్టపడి బతికే మనిషి మూడు రోజులు కూర్చుని పాటలు పాడుకుని తోటి సేవకులతో మాట్లాడుకోవడం మంచిదే, దాని వల్ల ధైర్యం వస్తుంది, అది నేను కాదనను. కానీ దాన్ని ట్రైనింగ్ అనకండి. అక్కడ చెప్పేది లీడర్‌షిప్ గురించి, విజన్ గురించి, సంఘం ఎలా పెరగాలి అనే దాని గురించి, అదీ పెద్ద సిటీ చర్చి లెక్కల్లో. వచ్చిన ఆయనకి మన పాస్టర్ పేరు తెలియదు, ఊరు తెలియదు, తర్వాత ఫోన్ చేసి ఏమయ్యా ఆ నేర్చుకున్నది చేశావా అని అడిగేవాళ్ళు లేరు. రిపోర్టులో మాత్రం ఇంతమంది పాస్టర్లకి శిక్షణ ఇచ్చాం అని పడుతుంది. డబ్బులు ఇచ్చిన విశ్వాసులు ఎక్కడో నమ్మకంతో ఇస్తారు, వాళ్ళకి నిజం తెలియాలి.

మరి ఆయనకి నిజంగా ఏం కావాలి? మా దగ్గరికి వచ్చే పాస్టర్లు అడిగే ప్రశ్నలు చెప్తాను. ఉరేసుకుని చనిపోయిన కుర్రాడి సమాధి కార్యక్రమంలో ఏ వాక్యం చెప్పాలి, వాళ్ళమ్మతో ఏం మాట్లాడాలి? భర్త రోజూ తాగొచ్చి కొడుతున్నాడని వచ్చిన చెల్లెమ్మకి ఓర్చుకో అమ్మా అని పంపించడం సరైనదేనా? అన్నదమ్ములు ఆస్తి గొడవలో ఉండి ఇద్దరూ ఒకే సంఘంలో కూర్చుంటే ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఎలా ఇవ్వాలి? పాత నిబంధనలో ఉన్న ఆజ్ఞల్లో ఏవి మనకి వర్తిస్తాయి, ఏవి ఇశ్రాయేలు వాళ్ళకి? టీవీలో ఒక ఆయన కానుక అనే విత్తనం వేస్తే వందంతలు తిరిగొస్తుంది అంటున్నాడు, సంఘంలో ఆడవాళ్ళు పుస్తెలు కుదువ పెట్టి పంపిస్తున్నారు, ఏం చెప్పాలి? ఇవీ ప్రశ్నలు. ఇందులో ఒక్కదానికి కూడా మూడు రోజుల మీటింగ్‌లో జవాబు దొరకదు, ఎందుకంటే ఇవి అడగాలంటే ముందు ఆ మనుషుల మధ్య నమ్మకం ఉండాలి, నమ్మకానికి టైం పడుతుంది.

ఆరోగ్యం విషయం కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి. ఊర్లో జబ్బు చేస్తే ఆర్‌ఎంపీ, తర్వాత పాస్టర్, చాలా ఇళ్ళలో వరస ఇదే. ప్రార్థన చెయ్యడం ఆయన పని, చెయ్యాలి, నేనూ చేస్తాను, దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాను. కానీ టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులు మానకుండా వాడాలి, రెండు నెలలకే దగ్గు తగ్గిపోయి ఒంట్లో బలం వస్తుంది, అప్పుడు సంఘంలో నిలబడి దేవుడు నన్ను స్వస్థపరిచాడు అని సాక్ష్యం చెప్పి మందులు ఆపేస్తారు. అక్కడే ప్రమాదం, మధ్యలో ఆపేస్తే జబ్బు మొండిదై ఆ మందులకి లొంగకుండా పోతుంది, ఇంట్లోవాళ్ళకి కూడా అంటుకుంటుంది. ఆ సాక్ష్యం చెప్పే రోజున పాస్టర్ గారు మైకులో ఒక్క మాట అనగలిగితే చాలు, దేవుడికి స్తోత్రం, కానీ డాక్టర్ చెప్పేదాకా ట్యాబ్లెట్ ఆపొద్దమ్మా అని. ఆయన చెప్తే వింటారు, ఏఎన్ఎం చెప్పినదానికంటే ఎక్కువ వింటారు. ఫిట్స్ వస్తే దయ్యం అనుకుని రాత్రంతా ప్రార్థన చేసే చోట్లు ఇంకా ఉన్నాయి, ఫిట్స్ మందులు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పాము కరిస్తే ముందు 108కి ఫోన్, ప్రార్థన అంబులెన్స్‌లో చెయ్యొచ్చు. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో బాగా కడిగి టీకా, ఎందుకంటే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు. మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022 నుంచి టెలీ మానస్ అని 14416 నంబర్ ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. పీహెచ్‌సీ డాక్టర్ గారిని ఒక మధ్యాహ్నం పిలిచి పాస్టర్లతో కూర్చోబెడితే ఇదంతా అయిపోతుంది, దీనికి విమానం టికెట్ అక్కర్లేదు.

తర్వాత చట్టం. ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ 1872 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ చట్టం ప్రకారం చర్చి వ్యవస్థలో అభిషేకం పొందిన పాదిరి అయినా అయి ఉండాలి, లేకపోతే ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ లైసెన్స్ అయినా ఉండాలి, అధికారం లేకుండా పెళ్ళి చేస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు శిక్ష రాసి ఉంది. మామూలుగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే పెళ్ళి జరగాలని కూడా ఉంది, సాక్షులు ఇద్దరు ఉండాలి, రిజిస్టర్లో రాయాలి. సొంతంగా సంఘం పెట్టుకున్న పాస్టర్లు చాలామందికి ఈ సంగతే తెలియదు. ఇన్విటేషన్ కార్డులో పేరు వేస్తారు, వెళ్ళి ప్రమాణాలు చేయించి దీవించి వస్తారు. ఏళ్ళ తర్వాత ఆ అమ్మాయి పాస్‌పోర్ట్‌కో, భర్త చనిపోతే పెన్షన్‌కో సర్టిఫికెట్ అడిగితే అప్పుడు తెలుస్తుంది కాగితం లేదని. నష్టపోయేది ఆడపిల్లే. ఇంకా ముఖ్యమైనది వయసు. పిల్లకి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం కింద చేయించిన పాస్టర్‌కి కూడా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. శిక్ష సంగతి అలా ఉంచండి, పదహారేళ్ళ పిల్ల తల్లిదండ్రులు వచ్చి బతిమాలితే నేను చెయ్యను, చెయ్యనివ్వను అని నిలబడే ధైర్యం ఆయనకి ఎక్కడ నుంచి వస్తుంది? చట్టం తెలిసి, తోటి పాస్టర్లందరూ అదే మాట మీద ఉంటే వస్తుంది. ఒకరు కాదంటే పక్క ఊరి పాస్టర్ చేసేస్తే ఇంక ఏం లాభం. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి చెప్పి తీరాలి, సంఘం పరువు పోతుందని పంచాయితీ పెట్టి సర్దేయడం నేరం, దేవుడి ముందు కూడా అది పాపమే అని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మారింది, విదేశాల నుంచి డబ్బు తెచ్చుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి పంచడానికి లేదు. దాంతో ఒకరి ద్వారా ఒకరికి నెలనెలా అందే సపోర్ట్ చాలా చోట్ల ఆగిపోయింది, అదే ఏడాది కరోనాతో ఆదివారం కూడికలు కూడా ఆగాయి, ఊరి పాస్టర్లు ఎలా బతికారో ఆ దేవుడికే తెలుసు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏంటంటే బయటి డబ్బు మీద నిలబెట్టిన ట్రైనింగ్ బయటి డబ్బుతోనే పోతుంది. అలాగే టూరిస్ట్ వీసా మీద వచ్చిన విదేశీయుల్ని స్టేజీ ఎక్కించి ప్రసంగం చేయించడం రూల్స్‌కి విరుద్ధం, దానికి వేరే వీసా ఉంది. ఇబ్బంది వస్తే విమానం ఎక్కి వెళ్ళిపోయేది ఆయన, స్టేషన్ చుట్టూ తిరిగేది మన పాస్టర్. లెక్కల పుస్తకం రాయడం, సంఘం పేరు మీద బ్యాంక్ అకౌంట్, సొసైటీ రిజిస్ట్రేషన్, చర్చి స్థలం ఎవరి పేరున ఉండాలి, ఇవి కూడా పాఠాలే. చర్చి స్థలం పాస్టర్ పేరున ఉండి ఆయన పోయాక పిల్లలకీ సంఘానికీ కోర్టు గొడవలు అవ్వడం చాలా చోట్ల జరుగుతున్నదే.

సరే, ఊర్లోనే ఉంచి నేర్పించడం అవుతుందా అంటే, మన తెలుగు నేల మీదే అయ్యింది. ఒంగోలు సంగతి చూడండి. అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు, కానీ ఆ ప్రాంతంలో పని ఆయన ఒక్కడితో నడవలేదు, తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గారి లాంటి మనుషులతో నడిచింది. పేరయ్య గారు తోళ్ళ వ్యాపారం చేసిన మనిషి, ఊరూరూ తిరిగిన మనిషి, ఎవరింట్లో ఏముందో తెలిసిన మనిషి. క్లౌ గారు ఈ బోధకుల్ని మూడు నెలలకోసారి ఒంగోలు పిలిచేవారు, కొన్ని రోజులు కూర్చుని ఎక్కడ ఏం జరిగిందో చెప్పించుకుని, వాక్యం నేర్పించి, మళ్ళీ వాళ్ళ ఊళ్ళకే పంపేవారు. తర్వాత 1870లలో రామాపట్నం దగ్గర సెమినరీ, అంటే పాస్టర్ల కాలేజీ పెట్టారు, కానీ మూడు నెలలకోసారి జరిగే ఆ కూడికలు ఆపలేదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్ట్ తీసుకుని జనానికి పని ఇచ్చారు, అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చదువుతుంటాం కదా, ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ గారు కాదు, ఆరుగురు తెలుగు పాస్టర్లు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. ఆ లెక్క గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలి. వాళ్ళు ఊళ్ళలో పని చేసిన మనుషులే.

ఇంకోటి డోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తమిళనాడు మనిషి, తిరునెల్వేలి వాళ్ళే సొంత డబ్బులతో 1903లో పెట్టుకున్న మిషన్ తరఫున 1909లో నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన పని మొత్తం ఊరి టీచర్ల మీద ఆధారపడింది, పగలు పిల్లలకి అక్షరాలు, రాత్రి పెద్దలకి ప్రార్థన, ఇదే వాళ్ళ పని, వాళ్ళల్లో బాగా చేసినవాళ్ళని తర్వాత పాదిరీలుగా అభిషేకించారు. అంటే ముందు పని, పనిలో మనిషి ఎలాంటివాడో తెలిశాక చదువు, ఆ తర్వాత పదవి. ఇప్పుడు మనం తలకిందులుగా చేస్తున్నాం, ముందు సర్టిఫికెట్, తర్వాత పదవి, పని సంగతి దేవుడెరుగు. డోర్నకల్‌లో ఇంకో మంచి అలవాటు ఉండేది, చదువుకి వచ్చిన వాళ్ళ భార్యలకి కూడా చదువు చెప్పేవారు. దీని మీద నేను తర్వాత మళ్ళీ రాస్తాను, ఎందుకంటే ఈ సంగతి మనం పూర్తిగా వదిలేశాం.

బయటి దేశాల్లో కూడా ఇదే అనుభవం. చైనాలో పని చేసిన జాన్ నీవియస్ అనే మిషనరీ 1890లో కొరియా వెళ్ళి అక్కడి కొత్త మిషనరీలకి కొన్ని సలహాలు ఇచ్చాడు, సంఘాలు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి, మనుషుల్ని వాళ్ళ పనిలోంచి పీకొద్దు, అందరికీ బైబిల్ క్లాసులు పెట్టండి అని. వాళ్ళు పొలం పనులు లేని చలికాలంలో క్లాసులు పెట్టారు, నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు తమ బియ్యం తామే మోసుకుని నడిచొచ్చేవారు. భోజనం పెడితేనే వస్తారు అని మన దగ్గర అనేవాళ్ళకి ఇది చెప్పాలి. మన పరిస్థితికి ఇంకా దగ్గరి ఉదాహరణ మధ్య అమెరికాలోని గ్వాటెమాలా, అక్కడ ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్ళు సిటీలో కాలేజీ నడిపి నడిపి, చదివినవాళ్ళు పల్లెలకి తిరిగి వెళ్ళట్లేదు, పల్లెల్లో నిజంగా సంఘం నడిపేవాళ్ళు కాలేజీకి రాలేకపోతున్నారు అని గుర్తించి, 1963లో కాలేజీనే పల్లెల దగ్గరికి తీసుకెళ్ళారు. పాఠం పుస్తకం ఇంటికి ఇస్తారు, వారమంతా తీరిక దొరికినప్పుడు చదువుకోవాలి, వారానికోసారి టీచర్ దగ్గరలో ఉన్న ఒక చోటికి వస్తాడు, అక్కడ చర్చ. టీఈఈ అని దీనికి పేరు, మన దేశంలో టాఫ్టీ అనే సంస్థ 1971లో బెంగళూరులో మొదలై ఇదే పద్ధతి నడుపుతోంది. అంటే యాభై ఏళ్ళ పైనే ఈ దారి మన ముందు ఉంది. అయినా మిషన్లలో ఎక్కువ ఖర్చు ఇంకా షామియానాలకే పోతోంది, దానికి కారణం నాకు అనిపించేది ఏంటంటే వారానికోసారి పదిమంది చాప మీద కూర్చుని చదువుకోవడం ఫోటోలో పెద్దగా కనపడదు.

మేం చేసేది చెప్తాను, ఇది గొప్ప కోసం కాదు, ఎవరైనా చెయ్యొచ్చు అని చెప్పడానికి. సైకిల్ మీదో బండి మీదో వచ్చి పొద్దు గూకేలోపు ఇల్లు చేరే దూరంలో ఉన్న పాస్టర్లు ఒక గుంపు. సోమవారం పెట్టుకున్నాం, ఆదివారం జరిగింది మనసులో పచ్చిగా ఉంటుంది కాబట్టి. మొదటి గంట ఎవరూ పాఠం చెప్పరు, పోయిన వారం ఎవరికి ఏం ఎదురైందో చెప్పుకుంటారు, నిన్న నేను ఈ వాక్యం చెప్పాను అని ఒకరు చెప్తే మిగతావాళ్ళు ఆ అధ్యాయం తెరిచి నిజంగా అందులో అదే ఉందా అని చూస్తారు. మొదట్లో ఇది చాలామందికి నచ్చదు, పరువు తక్కువ అనిపిస్తుంది, కానీ కొన్ని నెలలు పోయాక ఒకరినొకరు సరిచేసుకోవడం అలవాటవుతుంది, అదే అసలు చదువు. తర్వాత ఒక పుస్తకం, మార్కు సువార్త అయితే మార్కు సువార్త, మొదటి నుంచి చివరిదాకా, ముక్కలు ముక్కలుగా కాకుండా. చదవడం కష్టమైన వాళ్ళకి ఫోన్లో ఆడియో బైబిల్ ఉంది, పొలంలో పని చేస్తూ అదే అధ్యాయం పదిసార్లు వింటారు, చదువొచ్చిన మాకంటే వాళ్ళకే ఎక్కువ కంఠస్థం వచ్చేస్తుంది. చివర్లో పని ఇస్తాం, ఈ వారం మీ సంఘంలో మంచం మీద ఉన్న ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఎంతసేపు మీరు మాట్లాడారో ఎంతసేపు విన్నారో చూసుకుని వచ్చి చెప్పండి అని. టీ ఖర్చు వంతులవారీగా ఎవరిది వాళ్ళే, మాకు ఎవరి స్పాన్సర్‌షిప్పూ లేదు.

పాస్టరమ్మల, అంటే పాస్టర్ల భార్యల గురించి చెప్తానన్నాను. ఊరి సంఘంలో సగం కంటే ఎక్కువ ఆడవాళ్ళు, వాళ్ళ కష్టం పాస్టర్ గారికి చెప్పుకోలేరు, పాస్టరమ్మకే చెప్పుకుంటారు. సండే స్కూల్ ఆమే, పాటలు ఆమే, వచ్చిన వాళ్ళకి అన్నం వండేది ఆమే. ఆమెకి మాత్రం ఏ ట్రైనింగూ ఉండదు, కాన్ఫరెన్స్‌కి తీసుకొస్తే వెనక కూర్చోబెడతారు లేదా వంట దగ్గర ఉంచుతారు. అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయం చూడండి, అపొల్లో అంత పెద్ద పండితుడు, లేఖనాల్లో ప్రవీణుడు, ఆయనకి దేవుని మార్గం ఇంకా సరిగ్గా వివరించి చెప్పింది అకుల, ప్రిస్కిల్ల, భార్యాభర్తలిద్దరూ, ఇంటికి పిలుచుకుని. చేతి పని చేసుకుని బతికే ఆ ఇద్దరే అపొల్లోకి బైబిల్ కాలేజీ. మిషన్ల వాళ్ళకి నా విన్నపం, పాస్టర్‌కి పెట్టే ప్రతి క్లాసు పాస్టరమ్మకీ పెట్టండి, పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి మరీ పెట్టండి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తుంటాయి. ఒకటి, చదువు తక్కువైతే తప్పుడు బోధ వస్తుంది అని. నిజమే, వస్తుంది. కానీ ఇవాళ తప్పుడు బోధ ఎక్కువగా వచ్చేది ఊరి పాస్టర్ నోటి నుంచి కాదు, ఫోన్లో నుంచి, అది చెప్పేవాళ్ళలో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. డబ్బు కడితే డాక్టరేట్ ఇచ్చే సంస్థలు ఉన్నాయని అందరికీ తెలుసు, గుర్తింపు లేని ఆ కాగితం కోసం ఊరి పాస్టర్లు అప్పు చేసి కట్టడం చూస్తే నాకు కడుపు మండిపోతుంది. వారం వారం తోటివాళ్ళ ముందు కూర్చుని వాక్యం తెరిచి జవాబు చెప్పాల్సిన మనిషి అంత తేలిగ్గా దారి తప్పడు. రెండోది, డిగ్రీ లేకపోతే ఊర్లో గౌరవం ఉండదు అని. ఊర్లో గౌరవం ఎవరికి ఉంటుందో ఊర్లో ఉన్నవాళ్ళని అడగండి. అర్ధరాత్రి ఆసుపత్రికి తోడు వచ్చినవాడికి ఉంటుంది, కానుకల లెక్క చదివి వినిపించేవాడికి ఉంటుంది.

మిషన్ల పెద్దలకి ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి కాన్ఫరెన్స్‌కి పెట్టే ఖర్చులో సగం తీసి, మీ పరిధిలో నమ్మకంగా పని చేసిన సీనియర్ పాస్టర్లు ఇద్దరు ముగ్గురికి పెట్రోలు ఖర్చు ఇచ్చి, ఏడాది పొడుగునా ఊర్లు తిరిగి చిన్న గుంపులతో కూర్చోమని పంపండి. రిపోర్టులో ఎంతమంది వచ్చారు అని కాకుండా, ఆ ఊర్లో టీబీ మందులు పూర్తిగా వాడినవాళ్ళు ఎంతమంది, ఆపిన బాల్య వివాహాలు ఎన్ని, లెక్కలు చదివి వినిపించే సంఘాలు ఎన్ని, మొత్తం ఒక సువార్త పుస్తకం చదివి ముగించిన సంఘాలు ఎన్ని అని రాయించండి. డబ్బు ఇచ్చేవాళ్ళు ఈ లెక్క చూసి ఎక్కువే సంతోషిస్తారు.

ఎడిటర్ గారూ, మీకు కూడా రెండు విన్నపాలు. మ్యారేజ్ లైసెన్స్‌కి ఎక్కడ అప్లై చెయ్యాలి, ఏ కాగితాలు పెట్టాలి, పెళ్ళి తర్వాత ఏ రికార్డు ఎక్కడికి పంపాలి అనేది ఆ శాఖ అధికారుల్ని అడిగి జిల్లా ఎడిషన్లలో వివరంగా వెయ్యండి, ఊరి పాస్టర్లు మీ పేపర్ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకుంటారు. ఇంకోటి, ఈ ఉత్తరం పొడుగైంది, చోటు చాలకపోతే ఒంగోలు డోర్నకల్ చరిత్ర తీసేసినా నాకేం అభ్యంతరం లేదు, టీబీ ట్యాబ్లెట్లు, ఫిట్స్ మందుల గురించి రాసిన పేరా మాత్రం దయచేసి పూర్తిగా వెయ్యండి.

ఇట్లు,
ఒక గ్రామ సంఘ పెద్ద, రిటైర్డ్ టీచర్